లేబరు 8 వేలు

మా ఓమ్నీ వెనక నీలం పొగ మొదలైనప్పుడు ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత బంకుకెళ్లినప్పుడల్లా పెట్రోలుతో పాటు లీటరు ఇంజనాయిలు కొనడం అలవాటైంది. చివరికి విజయవాడ ఆటోనగర్‌లో మేస్త్రీ ముందు సీటు ఎత్తి (ఓమ్నీ ఇంజను సీటు కిందే, ఎండాకాలం ఆ సీట్లో కూర్చున్నవాళ్లకి చెప్పక్కర్లేదు), ఆయిలు మూత విప్పి, బుస్సున ఎగదన్నుతున్న పొగ చూపించి "బోరుకొచ్చేసిందండీ" అన్నాడు.

ఓమ్నీలు రావడం 2019లోనే ఆగిపోయింది. అయినా మారుతి 800కీ దీనికీ ఇంజను ఒకటే, 796 సీసీ. సామానుకి లోటు లేదు. లెక్క చెప్పాడు: సామాను 14 వేలు, లేతు పని 5 వేలు, లేబరు 8 వేలు. మొదటి రెండింటికీ నోరెత్తలేదు. లేబరు అనగానే బేరం మొదలెట్టాను. అట్టపెట్టెలో వచ్చిన పిస్టనుకైతే రేటు ఉంటుందని ఒప్పుకుంటాం; చేతికి ఉంటుందంటే గొంతు లేస్తుంది.

"రెండు రోజుల పనేగా?"

"ఓసారి వచ్చి కూర్చోండి సార్."

కూర్చున్నాను. ఇంజను దించడానికి ఒక పూట. విప్పి డీజిల్లో కడిగి, అంటుకుపోయిన పాత గాస్కెట్టు గీకడానికి ఇంకో పూట. బ్లాకు లేతుకెళ్లి నాలుగు రోజులు తన వంతు కోసం కూర్చుంది. లేతువాళ్లు పిస్టన్లు ముందే తెమ్మంటారు. 68.5 మిల్లీమీటర్ల బోరుని 69కి పెంచేటప్పుడు, ఏ పిస్టను ఎందులోకో కొలుచుకుని, తలవెంట్రుకంత కూడా లేని సందు వదలాలట.

అసలు పని వాల్వుల దగ్గర చూశాను. మూడు సిలిండర్లకి ఆరు. అంచుకి గరుకు పేస్టు రాసి, చివర రబ్బరు కప్పున్న కర్రని అరచేతుల మధ్య కవ్వంలా చిలుకుతాడు. ఎత్తి, తుడిచి, వెలుతురుకి పెడతాడు. చుట్టూ బూడిదరంగు గీత ఎక్కడా తెగకూడదు. తెగిందా, మళ్లీ చిలకడమే. ఆరూ అయ్యాక స్ప్రింగులు వేసి, హెడ్డు తిరగేసి గుంటల్లో కిరసనాయిలు పోశాడు. రెండింట్లో నిలిచింది. మూడోదాని కింద, పావుగంట తర్వాత, చిన్న చెమ్మ. నేనైతే బిగించేసేవాణ్ణి. ఆయన ఏమీ అనకుండా స్ప్రింగు మళ్లీ ఊడదీశాడు.

పదకొండో రోజు బండి స్టార్టయింది. "వెయ్యి కిలోమీటర్ల దాకా అరవై దాటకండి, ఆ తర్వాత ఆయిలు మార్చాలి" అన్నాడు. 8 వేలూ లెక్కపెట్టి ఇచ్చాను. బిల్లు కింద గ్రైండింగ్ పేస్టు డబ్బా 80 అని విడిగా రాసి ఉంది. దానికి బేరమాడాను.