అరుదైనదీ – అల్పమైనదీ

ప్రాచీన కావ్యాలలో శలభం దీపశిఖలో పడి మాడే అవివేకానికి ఉపమానం. మా మద్నూరు పత్తిచేలలో కాయ తొలిచే పురుగుకు తల్లి. అటు కవి గాని, ఇటు కర్షకుడు గాని దానిని మెచ్చినది లేదు. ఆ ఉపమానాన్ని ఏటా బోధించే నన్ను ఆస్ట్రేలియా పర్వతాల ఉదంతం ఒకటి ఆలోచింపజేసింది.

అక్కడి మంచుకొండల రాళ్ల సందులలో మౌంటెన్ పిగ్మీ పోసం అనే అరుదైన జీవి ఉన్నది. కంగారువలె పిల్లలను పొట్టసంచిలో పెంచే ఈ చిట్టిప్రాణి బరువు సుమారు 45 గ్రాములు. శిలాజంగా మాత్రమే తెలిసిన ఇది 1966లో సజీవంగా కనిపించి శాస్త్రజ్ఞులను ఆశ్చర్యపరచింది. వసంతంలో దానికి ముఖ్యాహారం బోగాంగ్ శలభం. దూరపు మైదానాలలో పుట్టిన ఈ శలభాలు వందల కిలోమీటర్లు ఎగిరి, కోట్లకొలది ఆ కొండలకు చేరేవి. 2017లో అనావృష్టి తీవ్రమై వాటి రాక దాదాపు నిలిచిపోయింది. తల్లులకు ఆహారం చాలక ఎన్నో పసికూనలు సంచిలోనే అసువులు బాసాయి. 2021లో ఆ సామాన్య శలభమూ అంతరించే ప్రమాదమున్న జీవుల పట్టికకెక్కింది.

దసరానాడు పాలపిట్ట దర్శనానికై పొలిమేర దాటి వెళ్లే మనం, అది పురుగులను తిని బతుకుతుందని తలచుకోము. పంటను కాపాడుకోవలసిందే, అయితే అరుదైన దానికి మొక్కే చేతులు, దానిని పోషించే అల్పజీవినీ గుర్తించాలి.