ఇరుసులు లెక్కపెట్టే పలక

పిల్లలూ! మా సికిందరాబాదు రైళ్ల ఊరు. 1966లో ఏర్పడిన దక్షిణమధ్య రైల్వేకు ముఖ్య కార్యాలయం ఇక్కడే ఉన్నది. అందుచేత, నేను బడి పని చాలించి ఇంటిపట్టున ఉంటున్న ఈ రోజుల్లో, మా వీధి పిల్లలు అడిగే ప్రశ్నలు చాలావరకు రైళ్లను గురించే. "ముందరి రైలు పూర్తిగా వెళ్లిపోయిందని సిగ్నలుకు ఎలా తెలుస్తుంది, తాతగారూ?" అని ఒక అమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న! ఆ రైలునుంచి ఒక్క పెట్టె ఊడి దారిలో నిలిచిపోయినా, వెనక వచ్చే రైలుకు ప్రమాదమే.

ఇందుకొక ఉపాయం ఉన్నది. పెట్టె కింద ఈ పక్క చక్రాన్నీ ఆ పక్క చక్రాన్నీ కలిపే కడ్డీని ఇరుసు అంటారు. దారిలో ఒక భాగానికి రెండు చివరలా పట్టాలకు చిన్న యంత్రాలు బిగిస్తారు. ఒక చివర లోపలికి వచ్చిన ఇరుసులను అవి కూడుతాయి; రెండో చివర బయటికి పోయినవాటిని తీసివేస్తాయి. శేషం సున్న అయితేనే దారి ఖాళీ. ఒక్కటి మిగిలినా ఎర్రదీపమే!

ఈనాడు ఇలాంటి లెక్కలు మైక్రోకంట్రోలర్ అనే చిన్న చిప్పు చేస్తుంది. దానిలో రిజిస్టర్లూ, ప్రోగ్రామ్ కౌంటరూ ఉంటాయి.

రిజిస్టరు అనగానే మీకు హాజరు పుస్తకం జ్ఞాపకం వస్తుంది. ఇది అది కాదు. రాసి, తుడిచి, మళ్లీ రాసుకునే పలకవంటిది. 1980లో ఇంటెల్ కంపెనీ తెచ్చిన 8051 అనే చిప్పులో ఒక్కొక్క పలకకు ఎనిమిదే గళ్లు. ఒక్కొక్క గడిలో 0 గాని, 1 గాని పడుతుంది. వీటితో 0 మొదలు 255 దాకా రాయవచ్చు.

చిప్పు చేయవలసిన పనులన్నీ ఆజ్ఞలుగా, వరస నంబర్లతో రాసి ఉంటాయి. తరువాత చదవవలసిన నంబరు ప్రోగ్రామ్ కౌంటరులో ఉంటుంది. చదువుకునే పిల్లవాడు అక్షరాల కింద వేలు పెట్టుకుంటాడే, ఆ వేలన్నమాట! కరెంటు రాగానే 8051లో ఈ వేలు 0 మీద ఉంటుంది. ఆజ్ఞ చదవగానే ముందుకు జరుగుతుంది. "ఫలానా నంబరుకు పో" అని ఉంటే అక్కడికి దూకుతుంది.

మధ్యలో చక్రం వచ్చినట్టు కబురు వస్తే? వేలు ఉన్న చోటును స్టాక్ అనే చోట రాసిపెట్టి, చిప్పు ఆ పనికి పోతుంది. పని కాగానే విడిచిన చోటికే తిరిగి వస్తుంది. పలకమీది రాతను కూడా దాచుకోమని ప్రోగ్రాములో రాయాలి. లేకపోతే, తిరిగివచ్చేసరికి పాత లెక్క చెరిగిపోయి ఉండవచ్చు.

ఇప్పుడొక చిక్కు. పలకమీద 255 ఉండగా ఇంకొక ఇరుసు వచ్చిందనుకోండి. తొమ్మిదో గడి లేదు గనక, పలకమీద మిగిలేది సున్న! రైలు దారిలో ఉండగానే దారి ఖాళీ అన్నట్టు! ఈ భయంతోనే స్విట్జర్లండు రైల్వే నియమాలలో, ఏ రైలుకూ సరిగ్గా 256 ఇరుసులు ఉండకూడదని రాశారు.

మన రైల్వే సంగతి చూడండి. 2021 అక్టోబరు 7న దక్షిణమధ్య రైల్వే మూడు గూడ్సు రైళ్లను ఒకటిగా కలిపి, "త్రిశూల్" అని పేరుపెట్టి, కొండపల్లినుంచి నడిపింది. మొత్తం 177 వాగన్లు! వాగనుకు నాలుగు చొప్పున 708 ఇరుసులు, ఇంజన్లవి కాక. వీటికి ఒక్క పలక ఎక్కడ చాలుతుంది? రెండు పలకలు పక్కపక్కన పెట్టి, మొదటిది నిండి సున్న అయినప్పుడల్లా రెండోదానిమీద ఒకటి వేయాలి. 708 ఇరుసులకు రెండోదానిమీద 2, మొదటిదానిమీద 196 ఉంటాయి. ఇలా 65,535 దాకా లెక్కపెట్టవచ్చు.

లెక్కలో సందేహం వస్తే మాత్రం దారి ఖాళీ అనకూడదు. ఎర్రదీపమే ఉంచాలి. ఆలస్యమైనా ఫరవాలేదు, ప్రాణాలు దక్కుతాయి.

మీరు మూడే గళ్లున్న పలక ఒకటి గీసి, 0, 1 అంకెలతో ఒకటొకటే కూడుతూ పోండి. ఏడు తరువాత ఏమవుతుందో మీ అమ్మానాన్నలకు చూపించండి!