నీటికి ప్రహరి కలదా?

సప్తసంతానములలో తటాకప్రతిష్ఠ యొకటి యని మేము పాఠశాలలో పలుమారులు బోధించియున్నాము. బాలురు వ్రాసికొనిరి, పరీక్షలో మార్కులు తెచ్చుకొనిరి. కాని మా యింటిపై గురిసిన వాన యెక్కడికి బోవుచున్నదో మేమెన్నడును విచారింపలేదు. ఆ లోపము మాకు దెలియవచ్చిన విధమును చదువరులకు దాపఱికము లేక విన్నవింతుము.

మా కాపురము హైదరాబాదులోని యూసుఫ్‌గూడ. ఎగువను జూబిలీహిల్సు గుట్టలు, దిగువను కృష్ణానగరు. మాకు సమీపమున నేడు కృష్ణకాంత్ పార్కున్న తావు పూర్వము చెరువు. గుట్టలపై మన్ను కనబడకుండ సిమెంటు పఱచినందున, గట్టివాన కురిసిన నాడు కృష్ణానగరు వీధులు కాలువలగును. వేసవిలో ఆ చుట్టుపట్లనే టాంకరుకై బిందెలు బారులు తీరును.

నాలుగేండ్ల క్రిందట మా వీధిలో నొక పాత యిల్లు పడగొట్టి, 20 ఫ్లాట్ల మేడ కట్టిరి. అందొకటి మేము కొంటిమి. చదువుకొన్నవారమని నీటి యేర్పాటులు మాకొప్పగించిరి. పటములో నింకుడుగుంత కలదు. కట్టినవారు దాని మూతను జూపిరి. మేము మూతను జూచి సంతకము చేసితిమి. బోరు రెండుమారులు వేయించితిమి. మొదటిది యెండిపోయెను, రెండవదానిలో వేయి యడుగుల లోతున నీరు పడెను. అందఱము కొబ్బరికాయలు కొట్టితిమి.

నెలలు గడచినవి. పొరుగున ఇస్త్రీబండి పెట్టుకొని బ్రదుకు ముసలమ్మ యొకనాడు వచ్చి, "సార్, మీ బోరు పడ్డకాడికెల్లి మా బోరు దగ్గుతున్నది" అనెను. దినమునకు రెండు బిందెలు పట్టుకొని పొమ్మంటిమి. దానము చేసినట్లు సంతోషించితిమి. ఆ రాత్రి మాకు నిదుర పట్టలేదు. మన నేల గ్రానైటు నేల. అందు నీరు పైనున్న చివికిన రాతిపొరలోను, క్రింది రాతిపగుళ్లలోను మాత్రమే నిలుచును. ఆ పగుళ్లు మా ప్రహరికడ నాగునా? ఆమె బిందెలో మేము పోయించినది ఆమె నీరే కావచ్చును గదా!

మఱునాడు గుంత మూత నెత్తించితిమి. లోపల రాళ్లున్నవి, ఇసుక యున్నది. మేడపైనుండి రావలసిన గొట్టము మాత్రము లేదు. అది వీధికాలువలోనికి బోవుచుండెను.

అంతట నందఱను సమావేశపఱచి లెక్క చెప్పితిమి. మా కప్పు 300 చదరపు మీటర్లు. ఇచట ఏటి వాన సుమారు 800 మిల్లీమీటర్లు. అయిదవవంతు వ్యర్థమైనను 1,92,000 లీటర్లు మిగులును. తలకు దినమునకు 135 లీటర్ల చొప్పున, నూర్గురమున్న మాకది 14 దినములకే సరిపోవును. కావున వాన యొక్కటియే మనల నుద్ధరింపదు. వాడుకయు తగ్గవలెను, ఫ్లాటునకొక మీటరు నుండవలెను.

"జలమండలి యుండగా మనకీ శ్రమ యేల?" అని యొకరనిరి. 1908 మూసీ వరదల పిమ్మట 1920 నాటికి ఉస్మాన్‌సాగరు, 1927 నాటికి హిమాయత్‌సాగరు లేచినవి. అవి చాలక మంజీర, అదియు చాలక కృష్ణ, 2015లో గోదావరి వచ్చినవి. నగరము పెరిగినకొలది నది దూరమగుచున్నది. నెత్తిన గురిసిన నీటిని కాలువపాలు చేసి, నూఱు కిలోమీటర్ల కావలి నీటికై చేయి చాచుట గృహస్థధర్మమా?

వేఱొక మిత్రుడు, "మనము డబ్బు పెట్టి యింకించిన నీరు పొరుగువాని బోరులోనికి బోయిన మనకేమి లాభము?" అని యడిగెను. "పొరుగువాని నేలనుండి మన బోరులోనికి వచ్చు నీటికి మనమేమి వెల యిచ్చుచున్నాము?" అంటిమి. ఎవరును మాటలాడలేదు. చందాలు మాత్రము మూడు నెలలకు గాని వసూలు కాలేదు!

ఇప్పుడు కప్పుపై తొలకరి మురికినీరు వెలుపలికి బోవును. తరువాతి వాన కంకర, ఇసుకలలో వడిసి గుంతలోనికిని, ఎండిన పాత బోరులోనికిని దిగును. అయినను ముసలమ్మ బోరు నిండలేదు. తోడినవారు పెక్కండ్రు; తిరిగి యిచ్చువారు మేమొక యింటివారము. ఆమెకు కొళాయికై దరఖాస్తు వ్రాసి యిచ్చితిమి. అది వచ్చువఱకు బిందెలు పట్టుకొని పోవుచున్నది. దానిని మేమిప్పుడు దానమనుట లేదు.

చదువరులును తమ యింటి గుంతమూత నొకసారి యెత్తి చూతురుగాక.