దారి తప్పింది ఆటలోనా... గుహలోనా?

బొమ్మల్లేవు. శబ్దాల్లేవు. తెరమీద నాలుగు వాక్యాలు... కింద మనం టైపు చేసే ఒకటి రెండు మాటలు. అంతే! కంప్యూటర్ ఆటల్లో ఓ కొత్త దారి తెరిచిన ‘అడ్వెంచర్’ అచ్చంగా అలాంటిదే. ఓ తండ్రి తన కూతుళ్లకోసం సరదాగా రాసిన ఆట అది. అందులో తప్పు పట్టుకోవాలంటే కోడ్ చదివితే చాలదు, ఓ గుహలోని దారులూ తెలియాలి. ఎందుకంటే ఆ ఆట జరిగే చోటు నిజంగానే ఉంది... అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో, నేల కింద!

పైన చూస్తే మామూలు అడవే. ఓక్ చెట్లు, చిన్న చిన్న కొండలు, మధ్యలో తాపీగా పారే గ్రీన్ నది. ఆ కొండల కిందే ఉంది మామత్ కేవ్. ప్రపంచంలో ఇప్పటిదాకా కొలిచిన గుహలన్నింటిలోకీ పొడవైనది. 2022 నాటి లెక్క ప్రకారం దీని పొడవు 426 మైళ్లు, అంటే సుమారు 686 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి విశాఖపట్నానికి రోడ్డు మీద వెళ్లినా అంత దూరం ఉండదు! మన నంద్యాల జిల్లాలోని బెలుం గుహల పొడవు 3,229 మీటర్లు. అక్కడ గంటసేపు తిరిగొచ్చినవాళ్లకి ఈ అంకె ఎంత పెద్దదో ఇట్టే అర్థమవుతుంది.

వేసవిలో వెళ్తే గుహ ద్వారం దగ్గరికి రాగానే లోపలి నుంచి చల్లగాలి మొహానికి తగులుతుంది. లోపల ఏడాది పొడవునా దాదాపు ఒకటే చలి... 54 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 12 డిగ్రీల సెల్సియస్. కోట్ల ఏళ్ల కిందటి సున్నపురాయిని నీళ్లు కొద్దికొద్దిగా కరిగించి ఈ దారుల్ని తొలిచాయి. పైన గొడుగులా కప్పి ఉన్న ఇసుకరాయి పొర వల్ల చాలాచోట్ల గుహ పొడిగా, చెక్కుచెదరకుండా నిలిచిపోయింది. 1812 యుద్ధకాలంలో తుపాకిమందు కోసం ఇక్కడి మట్టి నుంచి సురేకారం తీసేవారు. అప్పటి చెక్క గొట్టాలూ తొట్లూ ఇప్పటికీ కనిపిస్తాయి. 1941లో ఇది జాతీయ పార్కు అయింది. 1981లో యునెస్కో వారసత్వ సంపదల జాబితాలోకి ఎక్కింది.

జ్ఞాపకంతో గీసిన పటం

ఇంత పెద్ద గుహలో దారి తెలిసేదెలా? ఆ ప్రశ్నకి మొదట జవాబు చెప్పినవారిలో ముఖ్యుడు స్టీఫెన్ బిషప్. ఆయన బానిస. 1838లో యజమాని తెచ్చి గైడుగా పెట్టాడు. అప్పటిదాకా ఎవరూ దాటని ‘బాటమ్‌లెస్ పిట్’ అనే లోతైన గొయ్యిని దాటి, అవతల ఉన్న నదుల్నీ కళ్లులేని చేపల్నీ లోకానికి చూపించాడు. 1842లో గుహ పటమంతా జ్ఞాపకంతోనే గీశాడు. 1845లో అది ఆయన పేరుతోనే అచ్చయింది. ఒక బానిస పేరుతో పటం రావడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు! 1856లో స్వేచ్ఛ దొరికింది. మరుసటి ఏడాదే కన్నుమూశాడు. కొవ్వొత్తి పొగతో గుహ రాళ్లమీద రాసిన ఆయన పేరు ఇంకా చెరిగిపోలేదు.

బిషప్ తరువాత వందేళ్లు దాటినా గుహల అన్వేషకుల ముందున్న పని అదే... లోపలికి దిగడం, కొలవడం, పటం గీయడం. మామత్ కేవ్ పక్కనే ఫ్లింట్ రిడ్జ్ అనే మరో కొండ ఉంది. దాని కిందా కొలోసల్ కేవ్, క్రిస్టల్ కేవ్ లాంటి గుహలెన్నో. కొలోసల్ గుహలోకి దారితీసే ఓ ప్రాంతం పేరు బెడ్‌క్విల్ట్. రెండు కొండల కింద ఉన్న గుహలు ఎక్కడో ఒకచోట కలుస్తాయని చాలామంది నమ్మకం. కానీ ఆ చోటు ఎవరికీ దొరకలేదు.

1972లో దొరికింది. ఆ ఏడాది ప్యాట్రీషియా క్రౌథర్ అనే అన్వేషకురాలు, మిగిలినవాళ్లకి సాధ్యంకాని ఓ ఇరుకు సందులోంచి పాక్కుంటూ అవతలికి వెళ్లింది. అక్కడి నుంచి కొత్త దారులు తెరుచుకున్నాయి. సెప్టెంబరు 9న ఆమెతో కలిపి ఆరుగురు ఫ్లింట్ రిడ్జ్ వైపు నుంచి దిగి, చన్నీళ్లలో ఈదులాడుతూ ముందుకెళ్లారు. ఉన్నట్టుండి చీకట్లో ఓ ఇనుప కమ్మీ కనిపించింది. అది మామత్ కేవ్‌లో సందర్శకుల కోసం వేసిన బాట పక్కన పట్టుకునే కమ్మీ! రెండు గుహలూ ఒకటేనని తేలిపోయింది. కలిపి లెక్కేస్తే 144 మైళ్లకు పైమాటే.

సున్నా రావాలి!

ప్యాట్రీషియా భర్త విల్ క్రౌథర్ కూడా గుహల అన్వేషకుడే. ఉద్యోగం బోల్ట్ బెరనెక్ అండ్ న్యూమన్ అనే సంస్థలో. ఇంటర్నెట్‌కి తాతలాంటి ఆర్పానెట్‌ను నడిపించిన యంత్రాలకు ప్రోగ్రామ్‌లు రాసినవారిలో ఆయనొకరు. గుహలో బురదచేతులతో రాసుకొచ్చిన అంకెల్ని కంప్యూటర్‌కి ఎక్కించి పటాలు గీయించే పని భార్యాభర్తలిద్దరూ చేసేవారు.

గుహను కొలవడం ఎలాగంటే... ఒకరు టేపు పట్టుకుంటారు, ఒకరు దిక్సూచి చూస్తారు, ఇంకొకరు రాసుకుంటారు. ఒక గుర్తు నుంచి మరో గుర్తుకి దూరమెంత, ఏ దిక్కు, ఎంత ఏటవాలు అనే మూడే అంకెలు. అలా వందలసార్లు. ఎక్కడో ఒక్కచోట దిక్సూచిని తిరగేసి చదివినా, ఒక అంకె తప్పు రాసినా పటంలో సొరంగం మొత్తం అటుదిటు అయిపోతుంది. మరి తప్పు జరిగిందని తెలిసేదెలా? చుట్టు తిరిగి బయల్దేరిన గుర్తు దగ్గరికే వచ్చే దారి కావాలి. అలా వచ్చాక అంకెలన్నీ కూడితే సున్నా రావాలి. చిన్న తేడా ఉంటే సర్దుకోవచ్చు. పెద్ద తేడా వస్తే ఆ చుట్టులో ఎక్కడో పొరపాటు ఉన్నట్టే. గుహలోకి మళ్లీ దిగాల్సిందే!

ఈ అలవాటే తరువాత ఆయన ఆటకి పునాది అయింది.

కూతుళ్ల కోసం

1970ల నడుమ క్రౌథర్ దంపతులు విడిపోయారు. కూతుళ్లు ఎప్పుడూ కళ్లముందు ఉండే పరిస్థితి లేదు. గుహల వైపు వెళ్లడమూ మానేశారు క్రౌథర్. అలా రెండూ దూరమైన రోజుల్లో, 1975-76లో, తీరిక దొరికినప్పుడల్లా ఓ ప్రోగ్రామ్ రాయడం మొదలుపెట్టారు. తనకి అరచేతిలా తెలిసిన బెడ్‌క్విల్ట్ దారుల్నే అందులో పెట్టారు. స్నేహితులతో ఆడే ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఆటలోంచి మరుగుజ్జుల్నీ మంత్రాల్నీ నిధుల్నీ చేర్చారు. కంప్యూటర్ అంటే భయంలేకుండా మామూలు ఇంగ్లిష్ మాటలతో పిల్లలు ఆడుకోవాలన్నది ఆయన కోరిక. పిల్లలు తన దగ్గరికి వచ్చినప్పుడు ఆడుకునేవారు.

పీడీపీ-10 అనే పెద్ద కంప్యూటర్ మీద, ఫోర్‌ట్రాన్ భాషలో రాసిన ఆ ప్రోగ్రామ్ సుమారు 700 వరసలు. దానికి తోడు ఇంచుమించు అంతే పొడవున్న సమాచార పట్టిక. అందులో 66 గదుల వర్ణనలు, ఆటకు అర్థమయ్యే మాటలు 193.

ఆ పట్టికలోనే ఉంది కిటుకంతా. ప్రతి గదికీ ఓ నంబరు. ఏ గదిలో ఉండి ఏ మాట అంటే ఏ గదికి వెళ్తామో అంకెల్లో రాసి ఉంటుంది. ఉదాహరణకు 12వ గది నుంచి ‘తూర్పు’ అంటే 13కి వెళ్లాలనుకోండి. 13 బదులు 31 పడిందా... సన్నని సందులో పాకుతున్నవాడు ఉన్నట్టుండి పెద్ద హాల్లో తేలతాడు! కంప్యూటర్ మాత్రం కిమ్మనదు. దానికి 13 ఎంతో 31 కూడా అంతే. అలాంటి తప్పు పట్టుకోవాలంటే ప్రతి గదిలోకీ వెళ్లి, ప్రతి దిక్కూ తొక్కి చూడాలి. గుహలో సర్వే చేసినట్టే!

తప్పులా కనిపించే నిజం

ఇక్కడే ఓ తమాషా ఉంది. ఈ ఆటలో కొన్నిచోట్ల ఉత్తరానికి వెళ్లి, వెంటనే దక్షిణానికి తిరిగితే పాత గదికి చేరుకోం. మొదటిసారి ఆడేవాళ్లు ‘ప్రోగ్రామ్‌లో ఏదో తేడా ఉంది’ అనుకుంటారు. కానీ గుహలో తిరిగినవాళ్లకి అది వింతకాదు. ఉత్తరానికి మొదలైన సొరంగం మధ్యలో మెలిక తిరిగి తూర్పు నుంచి బయటపడొచ్చు. వెనక్కి రావాలంటే తూర్పు వైపే నడవాలి కదా! పట్టికలోని అంకె తప్పా, ఒప్పా అన్నది ఒక్కోసారి కోడ్ చూసి చెప్పలేం. గుహను అడగాలి.

మరికొన్ని ఇబ్బందులు యంత్రానివి. పీడీపీ-10 జ్ఞాపకంలోని ఒక్కో గడిలో అయిదు అక్షరాలు పడతాయి. అందుకని ఆట ప్రతి మాటలోనూ మొదటి అయిదు అక్షరాలే చూస్తుంది. ఇంగ్లిష్‌లో ‘నార్త్’ అంటే సరిగ్గా అయిదక్షరాలు. ‘నార్త్‌ఈస్ట్’ అని పూర్తిగా కొట్టినా ఆటకి కనిపించేది ‘నార్త్’ ఒక్కటే! ఈశాన్యానికి వెళ్లాలనుకున్నవాడు ఉత్తరానికి వెళ్లిపోతాడు. విరుగుడు... ‘ఎన్ ఈ’ అని రెండక్షరాలే కొట్టడం.

ఆటను మొదట్లో ఆడి చూసినవారిలో క్రౌథర్ సోదరి ఒకరు. ప్రతిసారీ మొదటి నుంచి అదే దారంతా నడవాలంటే విసుగ్గా ఉందన్నారామె. అప్పుడు పుట్టిందే ‘ఎక్స్-వై-జెడ్-జెడ్-వై’ అనే మంత్రం. అది కొడితే చాలు, బయటి ఇంటి నుంచి నేరుగా గుహ లోపల తేలొచ్చు. ఆడి చూసేవాళ్ల కోసం వేసిన అడ్డదారి, కంప్యూటర్ ఆటల్లోకెల్లా పేరున్న మంత్రమై కూర్చుంది!

అన్ని కంప్యూటర్లకూ ఓ ఉత్తరం

ఆట నెట్‌వర్క్ మీద ఊళ్లు దాటింది. 1976లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో డాన్ వుడ్స్ అనే విద్యార్థి కంటపడింది. దాన్ని బాగుచేసి, పెంచాలనుకున్నాడు. అందుకు అసలు కోడ్ కావాలి. రాసినాయన పేరు క్రౌథర్ అని తెలుసు, ఎక్కడుంటారో తెలియదు. దాంతో అప్పటి నెట్‌వర్క్‌లో ఉన్న ప్రతి కంప్యూటర్‌లోనూ ‘క్రౌథర్’ అనే పేరుకి ఉత్తరం పంపాడు. జవాబొచ్చింది! మార్పులు తనకీ చూపించమని చెప్పి కోడ్ ఇచ్చేశారు క్రౌథర్. 1977లో వుడ్స్ విడుదల చేసిన ఆటలో గదులు 140 అయ్యాయి. మాటలు 293. వంతెన దగ్గర కాపలా కాసే రాక్షసుడూ, అగ్నిపర్వతమూ వచ్చి చేరాయి. కెంటకీ సున్నపురాళ్లలో అగ్నిపర్వతమేంటని అడక్కూడదు... వుడ్స్ ఆ గుహలోకి దిగి చూసి రాసింది కాదు.

లోకమంతా ఆడింది ఈ ఆటనే. క్రౌథర్ మొదట రాసింది మాత్రం ఇక దొరకదనే అనుకున్నారు. 2005లో స్టాన్‌ఫర్డ్‌లోని వుడ్స్ పాత ఖాతా తాలూకు భద్రపరిచిన ప్రతుల్లో అది బయటపడింది. డెన్నిస్ జెర్జ్ అనే అధ్యాపకుడు అదే ఏడాది అన్వేషకులతో కలిసి అసలు గుహలోకి దిగి, కోడ్‌లోని గదుల్ని రాళ్లతో పోల్చి చూశారు. 2007లో ఆ వివరాలన్నీ ప్రచురించారు. ఆటలోని చాలా గదులు నిజంగానే ఉన్నాయి. ‘వై2’ అనే వింతపేరు కూడా కల్పన కాదు, అక్కడి సర్వే గుర్తు. అంతకు ముందే, ఆట ఆడి ఆడి తలకెక్కించుకున్న ఓ అన్వేషకురాలు మొదటిసారి బెడ్‌క్విల్ట్‌లోకి వెళ్లి, దారి తనే గుర్తుపట్టిందని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. ఓ తండ్రి జ్ఞాపకంతో రాసిన పట్టికకి ఇంతకంటే పెద్ద పరీక్ష ఏముంటుంది?

ఇంట్లో రాసే పిల్లలకు...

సెలవుల్లో కంప్యూటర్ నేర్చుకునే పిల్లలకి ఇలాంటి మాటల ఆట రాయడం ఈ రోజుకీ మంచి మొదటి మెట్టు. ఆట మొరాయించినప్పుడు గుహల పద్ధతే పనికొస్తుంది. ముందు కాగితం మీద గదులన్నీ గీసుకోవాలి. ప్రతి దారిలో వెళ్లి, తిరిగి రావాలి. రాలేకపోతే... అది కావాలని పెట్టిన మెలికా, పొరపాటా అని పటం చూడాలి. లేని గదికి దారి చూపించే అంకెలు ఉన్నాయేమో వెతకాలి. చేతిలోకి తీసుకున్న లాంతరు గదిలో కూడా మిగిలిపోయిందేమో చూడాలి. అన్నిటికంటే ముఖ్యం... రాసినవాళ్లు కాకుండా ఇంకొకరు ఆడాలి. అన్నో చెల్లో పక్కన కూర్చుంటే అరగంటలో పది తప్పులు బయటపడతాయి!

వెళ్లాలంటే...

మామత్ కేవ్ జాతీయ పార్కు నాష్‌విల్, లూయీవిల్ నగరాలకు దాదాపు నడిమధ్యన ఉంటుంది. ఎటు నుంచైనా కారులో గంటన్నర పైన. ఒక్క జాగ్రత్త... పార్కులో సెంట్రల్ టైమ్ నడుస్తుంది. లూయీవిల్‌లో గడియారం ఒక గంట ముందుంటుంది. గుహలోకి గైడుతో కలిసి వెళ్లే యాత్రలకు టికెట్లు ముందే తీసుకోవడం మంచిది. ‘హిస్టారిక్ టూర్’లో సురేకారం తొట్లూ, బాటమ్‌లెస్ పిట్, పొట్ట బిగబట్టి నడవాల్సిన ‘ఫ్యాట్ మ్యాన్స్ మిజరీ’ సందూ చూడొచ్చు. స్వెటర్, జారని బూట్లు తప్పనిసరి. గబ్బిలాలకు వచ్చే వైట్‌నోస్ వ్యాధి వేరేచోట్లకి పాకకుండా, బయటికొచ్చాక తడి పట్టాల మీద నడిపించి బూట్లు శుభ్రం చేయిస్తారు.

బెడ్‌క్విల్ట్ మాత్రం సందర్శకులకు లేదు. ఆ ద్వారానికి ఇనుప తలుపు, తాళం ఉన్నాయి. అటు వెళ్లాలనిపిస్తే క్రౌథర్ ఆటే దిక్కు. అందులోనూ ఆ తలుపుకి తాళం ఉంది. కాకపోతే తాళంచెవులు ఆట మొదట్లోనే, పక్కనున్న చిన్న ఇంట్లో పెట్టి ఉంచారాయన.