పలకని యంత్రం

కంప్యూటరు భాగాలను విడివిడిగా కొని స్వయంగా కూర్చుకొనేవారికి ఒక భ్రమ ఉంటుంది. చివరి మర బిగించి మీట నొక్కితే పని ముగిసినట్లేనని తలపోస్తారు. నిజానికి ఆ యంత్రంతో అసలు పని అప్పుడే ఆరంభమవుతుంది.

జనగామకు చెందిన ఒక డిగ్రీ విద్యార్థికి 2021 దసరా సెలవుల్లో ఈ సంగతి అనుభవానికి వచ్చింది. అతని తండ్రి ఇంటి ముందు గదిలో పిండిగిర్ని నడిపేవాడు. చీటీ పాడగా చేతికి వచ్చిన సొమ్ముతో తండ్రీ కొడుకులు సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటరుకు వెళ్ళి భాగాలన్నీ కొనుక్కొచ్చారు. ఆ కుర్రవాడు రెండు రోజులు శ్రమించి వాటిని కూర్చాడు. మీట నొక్కగానే పంకాలు తిరిగాయి, దీపాలు వెలిగాయి. కానీ తెర మీద ఒక్క అక్షరమైనా కనిపించలేదు. విప్పి మళ్ళీ బిగించాడు. ఫలితం మారలేదు. చీటీ సొమ్మంతా తన చేతుల్లోనే బూడిదయిందేమోనని ఆ రాత్రి అతనికి నిద్ర పట్టలేదు.

అతని చేతిలో తప్పేమీ లేదు. అతడు కొన్న రైజెన్ 5 5600జి ప్రాసెసరు విపణిలోకి వచ్చింది 2021 ఆగస్టులో. మదర్‌బోర్డు మాత్రం 2018 నాటి బి450 రకానిది. ప్రతి మదర్‌బోర్డు మీదా గోరంత చిప్పు ఒకటి ఉంటుంది. విద్యుత్తు అందగానే ప్రాసెసరును, మెమొరీని, తెరను గుర్తించి మేల్కొలిపే ఆదేశాలు అందులో ఉంటాయి. వాటిని ఫర్మ్‌వేర్ అంటారు. మార్చడానికి వీలైన సాఫ్ట్‌వేర్‌కూ, మార్పులేని హార్డ్‌వేర్‌కూ నడుమ నిలిచేది కనుక 1967లో యాషర్ ఓప్లర్ దానికి ఆ పేరు పెట్టాడు. కంప్యూటరు వాడుకలో దీనినే బయాస్ అంటున్నారు. అట్టపెట్టెలోకి చేరిన నాటితో బోర్డు చదువు ఆగిపోతుంది. ఆ తరువాత పుట్టిన ప్రాసెసరును తెచ్చి దాని ఒడిలో పెడితే అది ఎవరో దానికి తెలియదు. దుకాణంలో పెట్టె మీది చిన్న చీటీని చదివే ఓపిక ఉంటే ఈ చిక్కు వచ్చేది కాదు. కానీ కొత్త వస్తువు కొనే సంబరంలో అంత చిన్న అక్షరాలు చదివేదెవరు?

కొత్త బయాస్‌ను ఎక్కించాలంటే ముందు యంత్రం లేవాలి. ప్రాసెసరు లేకుండానే ఆ పని చేసే మీట కొన్ని బోర్డులకు ఉంటుంది గాని దీనికి లేదు. చివరకు ఒక సహపాఠి తన కంప్యూటరులోని పాత రైజెన్ 3 2200జి ప్రాసెసరును ఊడదీసి అరువిచ్చాడు. దాని అడుగున 1331 సన్నని సూదులుంటాయి. ఒక్కటి విరిగినా మిత్రుని యంత్రం మూలనపడుతుంది. కుర్రవాడు ఊపిరి బిగబట్టి దానిని అమర్చాడు. తెర వెలిగింది.

ఇక బయాస్‌ను మార్చడం. బోర్డు పేరును, దాని కూర్పు సంఖ్యను రెండుసార్లు సరిచూసుకొని, తయారీదారు ఇచ్చిన ఫైలునే పెన్‌డ్రైవ్‌లో పెట్టుకున్నాడు. తండ్రి వచ్చి పక్కన నిలబడ్డాడు.

"నడుమ కరెంటు పోతే ఏమైతది?" అని అడిగాడు.

"చిప్పుల రాత సగంల ఆగిపోతది బాపూ. బోర్డు ఇగ లేవదు."

ఆ మాట అతిశయోక్తి కాదు. 1999 ఏప్రిల్ 26న సీఐహెచ్ అనే వైరస్ అనేక కంప్యూటర్లలో ఈ రాతనే చెరిపివేసింది. మిగిలిన భాగాలన్నీ చెక్కుచెదరకున్నా ఆ యంత్రాలు మూగవోయాయి.

తండ్రి మారు మాట్లాడలేదు. గిర్ని మోటారు మొదలైనప్పుడల్లా ఇంట్లో దీపాలు మసకబారుతాయని అతనికి తెలుసు. గోధుమల డబ్బాలతో నలుగురు నిరీక్షిస్తున్నా వెళ్ళి గిర్ని ఆపివేశాడు. పక్కింటివారి ఇన్వర్టరు నుంచి తీగ లాగి కంప్యూటరుకు తగిలించాడు. తెర మీద అంకె 10 నుంచి 20కి, 20 నుంచి 40కి పాకుతుండగా ఎవరూ కదలలేదు. నాలుగైదు నిమిషాలే పట్టింది. బయట ఒక ముసలమ్మ గిర్ని ఎందుకాగిందని కేకలు వేస్తూనే ఉన్నది.

యంత్రం తిరిగి లేచింది. అరువు ప్రాసెసరును తుడిచి భద్రపరచి కొత్తదానిని అమర్చగా, ఈసారి బోర్డు దానిని పేరుతో సహా గుర్తించింది. 3200 వేగంతో నడవవలసిన మెమొరీ 2133 దగ్గరే నిలిచి ఉంటే బయాస్‌లో దానినీ సరిచేశాడు.

విండోస్ 10 ఎక్కించాక డ్రైవర్ల వంతు వచ్చింది. పూర్వం మద్రాసులో దొరల మాట మనవారికీ, మనవారి మాట దొరలకూ చేరవేసే దుబాసీలుండేవారు. ఆపరేటింగ్ సిస్టమ్‌కూ పరికరాలకూ నడుమ డ్రైవర్లు చేసేది ఆ దుబాసీతనమే. దుబాసీ లేని పరికరం పక్కన పసుపుపచ్చని గుర్తు కనిపిస్తుంది. వైఫై పరికరానికి ఆ గుర్తే ఉన్నది. నెట్టు రావాలంటే డ్రైవరు కావాలి, డ్రైవరు రావాలంటే నెట్టు కావాలి. పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కాదు, పెళ్ళి అయితే గాని పిచ్చి కుదరదన్నట్లయింది. సెల్‌ఫోనును తీగతో కలిపి, దాని నెట్టునే వాడుకొని అతడు ఆ ముడి విప్పాడు. మొదట చిప్‌సెట్ డ్రైవరును, తరువాత గ్రాఫిక్స్ డ్రైవరును తయారీదారు నుంచే తెచ్చుకున్నాడు. అంతవరకు ఉబ్బి కనిపించిన అక్షరాలు ఒక్కసారి సన్నబడి స్పష్టమయ్యాయి. ధ్వని చివర వచ్చింది.

పని సజావుగా సాగుతున్న యంత్రంలో, కొత్తది వచ్చిందన్న ఒక్క కారణంతో బయాస్‌ను మార్చడం వివేకం కాదు. ఆ కుర్రవాడు మళ్ళీ దాని జోలికి పోలేదు. అప్పుడెక్కించిన కూర్పు సంఖ్యను, తేదీని మదర్‌బోర్డు అట్టపెట్టె మీద కలంతో రాసి, పెట్టెను అటక మీద పెట్టాడు. మరునాడు మొదటి బస్సుకే వెళ్ళి మిత్రుని ప్రాసెసరు తిరిగి ఇచ్చివచ్చాడు.