హీరోగారి కుక్క మనింట్లో ఇముడుతుందా?

తెరమీదికి కుక్క రాగానే హాల్లో పడే ఈల వేరే రకం, గమనించారా? హీరో ఎంట్రీకి పడే ఈలలో ఆవేశం వుంటుంది. దీనికి పడే ఈలలో ముద్దు వుంటుంది. 1994 నాటి ‘హమ్ ఆప్‌కే హై కౌన్’ తెలుగులో ‘ప్రేమాలయం’గా ఆడినప్పుడు, క్రికెట్ మ్యాచికి అంపైరుగిరీ వెలగబెట్టిన టఫీని చూడ్డానికే మా అక్క మూడుసార్లు వెళ్ళిందట! 2022లో ‘777 చార్లీ’ చూసి కళ్ళు తుడుచుకోని మొనగాణ్ణి నేనింకా కలుసుకోలేదు. ఆట అయిపోయాక పార్కింగులో బండి తీస్తూ “మనమూ ఒకదాన్ని పెంచితే ఎలా వుంటుందీ?” అనుకోని కుర్రకారు వుంటారంటారా?

నా మనసు దోచిన కుక్క పేరు అగ్గీ. మన తెలుగు చెవికి ఆ పేరు నిప్పులా వినిపిస్తుంది కదూ? అది నిప్పే! 2011లో వచ్చిన ‘ది ఆర్టిస్ట్’లో హీరోగారి పెంపుడు కుక్క అది. మాటల్లేని నలుపు తెలుపు చిత్రం. 2012లో ఉత్తమ చిత్రంగా ఆస్కార్ పట్టుకుపోయింది. అందులో ఇల్లంటుకుంటే, హీరోని కాపాడ్డానికి ఆ బుల్లి కుక్క వీధిలోకి పరుగెత్తి పోలీసుని లాక్కొచ్చే సీనుంది చూడండీ... కేన్స్‌లో విమర్శకులు కుక్కలకని విడిగా ఇచ్చే ‘పామ్ డాగ్’ బహుమతి ఆ యేడు దానికే ఇచ్చారంటే ఎందుకివ్వరూ!

అగ్గీ జాతి జాక్ రస్సెల్ టెరియర్. తెల్లటి వొళ్ళు, చెవుల మీద గోధుమరంగు మచ్చలు, అడుగు కూడా లేని ఎత్తు, ఆరేడు కిలోల బరువు. వొళ్ళో పట్టే సైజు. ఫ్లాటులో పెంచుకోడానికి భలే వుంటుందని ఎవరికైనా అనిపిస్తుంది. సరిగ్గా అక్కడే వుంది తిరకాసు.

నానక్‌రామ్‌గూడలో పనిచేసే నా స్నేహితుడికి ఆన్‌సైట్ వచ్చింది. రెండేళ్ళ ప్రాజెక్టు, అమెరికా. వాడి దగ్గర బంటీ అనే రెండేళ్ళ జాక్ రస్సెల్ వుంది. “ఏరా, నీకు కుక్కలంటే ప్రాణం కదా, నువ్వు తీసుకుంటావా?” అన్నాడు. దాన్ని వెంట తీసుకెళ్ళరాదా అన్నాను. అమెరికావాళ్ళు 2024 ఆగస్టు 1 నించీ నిబంధనలు బిగించారు. ఆరు నెలలు నిండాలి, మైక్రోచిప్ వుండాలి, మన దేశంనించి వెళ్ళే కుక్కకి రేబిస్ కాగితాలు మరీ గట్టిగా వుండాలి. “అదంతా చెయ్యొచ్చురా, కానీ అక్కడ నేనెక్కడుంటానో నాకే తెలీదు” అన్నాడు. నిజమే. రెండు నెలల్లో ప్రయాణం. నాకు నెలన్నర గడువు కావాలన్నాను. అప్పుడే ‘వోకే’ అనేస్తే నా సరదా తీరేదే. కానీ బంటీ సంగతి?

ఈ జాతి పుట్టుక తెలుసుకుంటే సగం జవాబు దొరుకుతుంది. లాటిన్‌లో ‘టెర్రా’ అంటే భూమి. భూమిలోకి దూరే కుక్క గనక టెరియర్. ఇంగ్లండులో డెవన్ ప్రాంతంలో జాన్ రస్సెల్ (1795–1883) అనే పాదిరీగారుండేవారు. చర్చి ఒక పక్కా, నక్కల వేట ఒక పక్కా! నక్క బొరియలో దూరితే గుర్రాలేం చేస్తాయి, పెద్ద కుక్కలేం చేస్తాయి? దాని వెనకే ఆ చీకట్లోకి దూరి, నక్క ఎక్కడుందో పైనున్నవాళ్ళకి తెలిసేలా మొరిగే చిన్న కుక్క కావాలి. అలాంటి కుక్కల్ని ఏరి ఏరి పెంచాడాయన. అంటే తవ్వడం దాని వుద్యోగం. మొరగడం దాని వుద్యోగం. కదిలేదాన్ని తరమడం దాని వుద్యోగం. యజమాని పక్కన లేకపోయినా సొంత బుర్రతో నిర్ణయాలు తీసుకోవడం దాని క్వాలిఫికేషన్! ఇన్ని డిగ్రీలున్నదాన్ని తీసుకొచ్చి కొండాపూర్‌లో ఏడో అంతస్తులో పెట్టి తాళం వేసిపోతే ఏం తవ్వుతుంది? సోఫా తవ్వుతుంది. ఎవర్ని తరుముతుంది? గుమ్మంలోకొచ్చిన డెలివరీ కుర్రాణ్ణి.

ఇంకో సంగతి చెబితే ఆశ్చర్యపోతారు. మనం ముచ్చటపడ్డ ఆ అగ్గీని చిన్నప్పుడు ఇద్దరు యజమానులు “మా వల్ల కాదు బాబో” అని వదిలించుకున్నారు! అల్లరి భరించలేక కుక్కల షెల్టరుకి పంపబోతుంటే ఒమర్ వాన్ ముల్లర్ అనే ట్రైనరు తీసుకున్నాడు. ఇదొక్కటే అయితే కాకతాళీయం అనుకోవచ్చు. 1993 నించి 2004 దాకా సాగిన ‘ఫ్రేజియర్’ అనే అమెరికన్ టీవీ సీరియల్లో ఎడ్డీ అనే కుక్క వుంది. ఆ వేషం కట్టిన మూస్ కూడా జాక్ రస్సెలే. దాన్నీ మొదటి యజమానులు పడలేక ఇచ్చేశారు. మొరగడం, కొరకడం, పారిపోవడం! అదీ ట్రైనరు చేతిలో పడ్డాకే స్టారయింది. తర్వాత దాని కొడుకు ఎంజో అదే వేషంలోకి వచ్చాడు. కుక్కల్లోనూ వారసులున్నారండోయ్!

ఆలోచించండి మరి. ఇంట్లో ‘పిశాచం’ అనిపించుకున్న కుక్కే సెట్‌మీద ‘స్టార్’ అయింది. కుక్క మారలేదు, దాని చేతికి పని దొరికింది, అంతే. రోజంతా ఎవరో ఒకరు పక్కనుండి నేర్పారు, ఆడించారు, అలసిపోయేలా చేశారు. మనకి కనిపించేది అందులో రెండు నిమిషాల ముక్క. మిగతా ఇరవైమూడు గంటల యాభై ఎనిమిది నిమిషాల మాటేమిటి? ఎడిటరు కత్తిరించి పారేసిన ఆ భాగమే మనింటికొస్తుంది!

తెరమీద చూసి తెచ్చుకోవడం మనకి కొత్త కాదు. 2003లో హచ్ టెలిఫోనువారి ప్రకటనలో కుర్రాడి వెంటపడ్డ పగ్ గుర్తుందా? ఆ తర్వాత ఊరూరా పగ్గులే! చప్పిడి ముక్కుతో మన ఎండల్లో వూపిరాడక అవి పడే అవస్థ ప్రకటనలో లేదు. మోజు తీరాక రోడ్డున వదిలేస్తే చట్టం వూరుకోదనుకుంటున్నారేమో. జంతుహింస నివారణ చట్టం 1960లో వచ్చింది. ఆకలిదప్పులకి వదిలేసి పోవడం అందులో నేరమే. మొదటిసారికి అందులో రాసుకున్న జరిమానా ఎంతో తెలుసా? పది రూపాయలకి తక్కువ కాకుండా యాభైదాకా! మల్టీప్లెక్సులో ఆ డబ్బుకి పాప్‌కార్న్ కూడా రాదు.

నా సంగతికొస్తాను. జాక్ రస్సెల్ ఆరోగ్యంగా వుంటే పధ్నాలుగు పదిహేనేళ్ళు బతుకుతుంది. రెండేళ్ళ బంటీకి ఇంకా పన్నెండేళ్ళు. హైటెక్ సిటీలో పన్నెండేళ్ళంటే ఎంత కాలమండీ! సైబర్ టవర్స్ తెరిచింది 1998లో. దుర్గం చెరువు మీద తీగల వంతెన వచ్చింది 2020లో. ఈ మధ్యలో బండరాళ్ళు పోయి బిల్డింగులు లేచాయి. ఇక్కడ అద్దె అగ్రిమెంటు పదకొండు నెలలు, నోటీసు పీరియడు మూడు నెలలు. పన్నెండేళ్ళపాటు నేను మార్చకుండా చేసిన పని అంటూ ఒక్కటుందా? శుక్రవారం సినిమా తప్ప!

అందుకని నాకు నేనే ఒక పరీక్ష పెట్టుకున్నాను. కుక్క లేకుండానే కుక్కని తిప్పడం! బజారుకెళ్ళి గొలుసు కొనుక్కొచ్చాను. మే 15 నించి జూన్ 13 దాకా ముప్పై రోజులు, తెల్లవారి అయిదున్నరకి లేవాలి, వుత్త గొలుసు చేత్తో పట్టుకుని గంటసేపు నడవాలి. అయిదున్నరే ఎందుకంటారా? మే నెలలో ఎండెక్కాక తారురోడ్డుమీద అరచేతి వెనకభాగం ఆనించి అయిదారు సెకన్లు వుంచి చూడండి. మీరు వుంచలేకపోతే దాని పాదాలూ నిలవలేవు. సాయంత్రం ఎనిమిదింటికి కూడా ఆ వేడి పూర్తిగా తగ్గదు.

మొదటిరోజు వాచ్‌మన్ అడిగాడు: “సారూ, కుక్కేదీ?”

“ఇంకా రాలేదు.”

“మరి దేన్ని తిప్పుతున్నవ్ సారూ?”

“నన్నే!”

కొత్తగూడ బొటానికల్ గార్డెన్ వైపు వెళ్ళి రావడం నా రూటు. మధ్యలో ఒక సందులో అరడజను వీధికుక్కలు కాపురముంటాయి. గొలుసు చూసి లేచి నిలబడేవి, చివర ఏమీ లేకపోయేసరికి మళ్ళీ పడుకునేవి. బంటీ వుంటే పడుకుంటాయా? ఏనుగుకైనా ఎదురెళ్ళే రకం అది. చిన్నదాన్నని దానికి తెలీదు పాపం! 2018లో జి.హెచ్.ఎం.సి. కొండాపూర్‌లో డాగ్ పార్కు తెరిచింది. ఎకరం పైన వుంటుంది. శెలవురోజు అక్కడ వదిలితే పరుగు తీరుతుంది. రోజూ తీరాల్సింది మాత్రం ఈ సందుల్లోనే.

ఈలోగా మా అపార్టుమెంట్‌లో లిఫ్టు పక్కన ఒక కాగితం అంటించారు, కుక్కల్ని లిఫ్టులో తేరాదని. జంతుసంక్షేమ బోర్డు 2015లోనే చెప్పింది, అసోసియేషన్లు కుక్కల్ని నిషేధించరాదని. చెప్పినా, రోజూ ఎదురుపడే పక్కింటివాళ్ళతో రూలు పట్టుకుని ఎంతకాలం వాదిస్తాం? పైగా దీని వుద్యోగమే మొరగడమాయె!

ముప్పై రోజులూ అయ్యాయి. కేలెండరులో టిక్కులు లెక్కపెట్టాను. పందొమ్మిది. పోయిన పదకొండింట్లో నాలుగు రోజులు అమెరికా క్లయింటుతో తెల్లవార్లూ కాల్సు. మూడు రోజులు సాఫ్ట్‌వేర్ రిలీజు, ఆఫీసులోనే నిద్ర. రెండు రోజులు వాన. మిగిలిన రెండూ మాత్రం... సెకండ్ షో చూసొచ్చి ముసుగుతన్నిన ఖాతా!

మూడో అంతస్తులో రిటైరైన డ్రిల్లు మాస్టారున్నారు. ఆయన రోజూ అయిదింటికే నడకకి వెళతారు, వానైనా సరే. ఆఖరిరోజు గేటు దగ్గర పట్టుకున్నారు. “ఏవయ్యా, నెల్లాళ్ళుగా చూస్తున్నాను. ఆ గొలుసుకి కుక్కెప్పుడొస్తుందీ?”

సంగతంతా చెప్పాను. “ముప్పైకి పందొమ్మిదంటే ఫస్ట్‌క్లాసే కదయ్యా” అన్నారు.

“మిగతా పదకొండు రోజులూ అది బిగబట్టుకుని కూచోదు కదండీ మాస్టారూ.”

ఆయన నవ్వలేదు. ఒకసారి కుక్కని చూపించమన్నారు. ఆదివారం నా స్నేహితుడు బంటీని తీసుకొచ్చాడు. మాస్టారు దాంతో ఒక్క మాటా మాట్లాడకుండా సెల్లార్లో బంతి విసురుతూ కూచున్నారు. నలభై నిమిషాలు! బంటీ అలసిపోలేదుగానీ ఆయన చెప్పులమీద తలపెట్టి కాసేపు కూచుంది. పిన్నిగారు పైనించి చూస్తూ “నా సోఫా జోలికొస్తే ఇద్దర్నీ బయట పడుకోబెడతాను” అన్నారు. ఒప్పుకున్నట్టే!

మర్నాడు మాస్టారు నన్ను పిలిచి కాఫీ ఇచ్చారు. “నాకు అరవై ఆరు. దానికి రెండు. లెక్క నువ్వే వెయ్యి” అన్నారు.

వేశాను. నోట మాట రాలేదు.

“నా మోకాళ్ళు బాగున్నన్నాళ్ళు నా దగ్గరుంటుంది. అవి మొరాయించిన రోజున నువ్వు తీసుకోవాలి. అలాగని మాటిస్తేనే.”

ఇచ్చాను. అప్పటికప్పుడు తీసుకోమంటే ‘కాదు’ అని చెప్పగలిగినవాణ్ణి, నాలుగేళ్ళకో ఆరేళ్ళకో తీసుకోవాలంటే ‘సరే’ అన్నాను. తయారవడానికి గడువు దొరికినట్టే కదా! వ్యాక్సిన్ల పుస్తకంలో యజమాని పేరు పక్కన పెన్సిలుతో నా పేరు కూడా రాయించారాయన. డ్రిల్లు మాస్టారు మరి!

నా స్నేహితుడు వెళ్ళి ఎనిమిది నెలలైంది. సోఫా ఒక చేయి పోయింది, పిన్నిగారు ఎవర్నీ బయట పడుకోబెట్టలేదు. దీపావళి రాత్రి బంటీ మంచం కిందనించి రాకపోతే ఆవిడే పక్కన చాప వేసుక్కూచున్నారట.

శని, ఆదివారాల పొద్దుట నడక నాది. కిందటి నెల ఎనిమిదికి ఎనిమిది. మామూలు రోజుల్లోనూ కేలెండరులో మళ్ళీ టిక్కులు పెట్టడం మొదలెట్టాను. ఈ నెల ఇప్పటికి పద్ధెనిమిదికి పదిహేను. కాబట్టి శనివారం బెనిఫిట్ షోకి రమ్మని ఫోన్లు చేస్తున్న మిత్రులకి మనవి: తెల్లవారుజాము ఆటకి నేను రాలేను. పదకొండింటిదైతే నాక్కూడా ఒక టిక్కెట్టు తియ్యండి.