పందెములో నేను, ఇంటిలో ఆమె

ఈ సంగతి వ్రాయడానికి చాలా దినాలు వెనుకాడాను. త్రాగుడు మానిన సాక్ష్యాలు మన సంఘాలలో విన్నాము, పేకాట మానిన సాక్ష్యాలూ విన్నాము. సైకిలు తొక్కడం గురించి సాక్ష్యమేమిటని నవ్వేవారు ఉంటారు. నవ్వినా ఫరవాలేదు. త్రాగుడైతే నలుగురూ వచ్చి బుద్ధి చెప్పేవారు. ఇది ఆరోగ్యానికి మంచిదని పేరున్నది గనుక ఎవరూ నన్ను ఏమీ అనలేదు. నా భార్య కూడా చాలాకాలం అనలేదు.

బాపట్లకు దగ్గరలో ఒక పల్లెటూరు మాది. నేను బడిపంతులును. కొద్దిగా పొలము, రెండు గేదెలు, మా అమ్మగారు, మేమిద్దరము, ఇద్దరు పిల్లలు. 2013లో నాకు 38 ఏండ్లప్పుడు పరగడుపున రక్తపరీక్ష చేయిస్తే చక్కెర 118 ఉన్నది. "ఇంకా జబ్బు లోపలికి రాలేదు, గుమ్మములో నిలబడి ఉన్నది, రోజూ గంట నడవండి" అన్నారు డాక్టరుగారు. నాకు నడకంటే విసుగు. మా నాన్నగారి పాత అట్లాస్ సైకిలు చావడిలో ఉంటే దుమ్ము దులిపి కాలువకట్ట మీద తొక్కడం మొదలుపెట్టాను.

సైకిలు మాకు కొత్త కాదు. నా చిన్నతనంలో ఊరూరూ తిరిగే ఒకాయన వచ్చి, రామాలయము ముందు ఖాళీస్థలములో వారం రోజులు దిగకుండా సైకిలు తొక్కేవాడు. దానిమీదనే స్నానము, దానిమీదనే భోజనము. మేము బడి ఎగ్గొట్టి చూసేవాళ్లము. పండుగలకు నిదానపు సైకిలు పందెములు పెట్టేవారు, అందరికంటే వెనుక వచ్చినవాడే గెలిచినట్టు. ఆ పందెములో నేను రెండుసార్లు స్టీలుగ్లాసు తెచ్చుకున్నాను. తరువాతి కాలంలో కూడా వెనుక రావడంతోనే తృప్తిపడి ఉంటే బాగుండేది.

ఆరు నెలలలో చక్కెర దిగింది, నడుము సన్నబడింది. బాపట్ల నుండి సూర్యలంక సముద్రము ఒడ్డుకు 9 కిలోమీటర్లు. అక్కడ ఉదయాన వేగముగా తొక్కే కుర్రవాళ్లు కొందరు పరిచయమైనారు. వారి వంగిన హేండిలు, సన్నని టైర్లు చూచి నాకు ఆశ పుట్టింది. 2015లో చీటీ పాడి 52 వేలు పెట్టి పందెపు సైకిలు కొన్నాను. ఇంట్లో 20 వేలని చెప్పాను. ఇది అబద్ధము, దీనికి వేరే పేరు లేదు. మూడు నెలలు దాచాను. చీటీ నడిపే అమ్మ స్త్రీల సమాజములో నా భార్య ప్రక్కనే కూర్చుంటుందని నాకు తట్టలేదు. విషయము తెలిసిన రోజు నా భార్య అరవలేదు. "పాపకు కంటి అద్దాలు వచ్చే నెల చూద్దామన్నారు కదండీ" అని మాత్రం అన్నది.

ఆ సైకిలుకు గాలి కొట్టమంటే మా ఊరి షాపు అతను వాల్వు చూచి నవ్వి, "మాస్టారూ, దీనికి నా పంపు పట్టదు, మీరే వేరే కొనుక్కోండి" అన్నాడు. పంపు కొన్నాను. తరువాత బూట్లు, హెల్మెట్టు, వేగము చూపించే చిన్న మీటరు. ఒకటి కొంటే రెండవది పిలుస్తుంది.

పందెము అంటే సంవత్సరానికి నాలుగైదు ఆదివారాలే. కాని దానికి తయారు కావడానికి వారానికి పది గంటలు కావాలి. తెల్లవారి 4.30కు బయలుదేరి 6.30కు ఇంటికి చేరేవాడిని. మా ఇంట్లో ఆ రెండు గంటలలో ఏమి జరుగుతుందో రైతు కుటుంబాల వారికి నేను వేరే చెప్పనక్కరలేదు. పేడ తీయాలి, గేదెలకు దాణా పెట్టాలి, పాలు పితకాలి, ఆరు గంటలకు పాలకేంద్రములో పోయాలి, పొయ్యి వెలిగించాలి, పిల్లలను లేపాలి. ఇవన్నీ అంతకు ముందు ఇద్దరము చేసేవాళ్లము. తెల్లవారకముందే లేవాలి గనుక రాత్రి 8.30కే నిద్ర వచ్చేది. మా ఇంట్లో కుటుంబ ప్రార్థన తొమ్మిదింటికి.

నేను ఒక నోటుపుస్తకములో రోజూ ఎన్ని కిలోమీటర్లు, ఎంత వేగము అని వ్రాసుకునేవాడిని. ఆ లెక్క నాకు ముద్దు. మా పెద్దమ్మాయి దగ్గర వేరే లెక్క ఉన్నదని తరువాత తెలిసింది. పాల లెక్క వేసే గోడ క్యాలెండరులో, లీటర్ల అంకె క్రింద, కొన్ని తేదీలకు పెన్సిలుతో చిన్న సున్న చుట్టి ఉన్నది. ఏమిటమ్మా ఇది అని అడిగితే, "మీరు ప్రార్థనకు కూర్చోని రోజులు, నాన్నా" అన్నది. ఆ నెలలో 19 సున్నాలు ఉన్నాయి. నామీద కోపముతో చుట్టినవి కావు. సండే స్కూలులో హాజరు వేస్తారు కదా, ఆ అలవాటు.

పాస్టరుగారు ఒకసారి ఇంటికి వచ్చి, పౌలు తిమోతికి వ్రాసిన మొదటి పత్రిక 4వ అధ్యాయము తీసి, శరీర వ్యాయామము వలన లాభము కొంచెమేనని సౌమ్యముగా చెప్పారు. నేను ఊరుకోక, "కొంచెమైనా లాభమే కదండీ అయ్యగారూ" అన్నాను. ఆయనా నవ్వారు, నేనూ నవ్వాను. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 9వ అధ్యాయములో పౌలే పందెగాని క్రమశిక్షణను మెచ్చుకున్నాడని కూడా వాదించాను. లేఖనము నా పక్షముగా మాట్లాడుతున్నదని నాకు ఎంతో సంతోషము. అదే తిమోతి పత్రికలో ఒక్క అధ్యాయము ముందుకు తిప్పితే, స్వంత ఇంటివారిని విచారించుకోనివాని గురించి ఎంత కఠినముగా ఉన్నదో ఆ రోజు నేను తిప్పలేదు.

ఒక రాత్రి భోజనాల దగ్గర పిల్లలకు పందెము సంగతి వివరిస్తున్నాను. సైకిలుకు పెద్ద శత్రువు గాలి. ముందు వెళ్లేవాడు గాలిని చీల్చుకుంటూ పోవాలి. వానికి మూరెడు దూరములో వెనుక చేరినవానికి శ్రమ పావువంతుకు పైగా తగ్గుతుంది. అందుకని గుంపులో వంతులు వేసుకుంటారు. ఒకడు కొంతసేపు ముందు నడిచి ప్రక్కకు తప్పుకుంటే రెండవవాడు ముందుకు వస్తాడు. వంతు రాగానే ముందుకు రాకుండా వెనుకనే దాక్కొని, చివరిలో దూకి గెలవాలనుకునేవానిని అందరూ అసహ్యించుకుంటారు. ఇంతవరకు చెప్పాను. వంటింటి గడపలో కూర్చొని చల్ల పోస్తున్న నా భార్య, "మరి మీ వంతు ఎప్పుడండీ?" అన్నది. పందెము గురించి అడుగుతున్నదనుకొని జవాబు చెప్పబోయాను. ఆమె ముఖము చూచి ఆగిపోయాను. ఆగిపోయానే గాని మానలేదు.

2017 డిసెంబరులో ఒక ఆదివారము గుంటూరు అవతల 60 కిలోమీటర్ల పందెము ఉన్నది. మా సంఘములో ఆరాధన తొమ్మిదింటికి. ఎలాగూ అందుకోలేనని శనివారమే నిశ్చయించుకొని, మనస్సాక్షికి జోల పాడి వెళ్లాను. నలభై కిలోమీటర్లు దాటేసరికి ముందు గుంపులో ఏడుగురము మిగిలాము. అంతకు ముందు నేను ఎప్పుడూ ముందు గుంపులో లేను. చొక్కా వెనుక జేబులో ఫోను కదిలింది. ఆగింది. మళ్లీ కదిలింది. వరుసగా కదులుతూనే ఉన్నది. ఇంటి నుండి అని నాకు తెలుసు. నేను చెయ్యి వెనుకకు పెట్టలేదు. ఆ గుంపు ఒక్కసారి వదిలితే మళ్లీ కలుసుకోలేము. ఇంకా ఇరవై కిలోమీటర్లే కదా, అరగంటే కదా అనుకున్నాను.

నాలుగవ స్థానములో వచ్చాను. గీత దాటిన తరువాత ఫోను చూస్తే తొమ్మిది కాల్సు ఉన్నాయి. మా అమ్మగారు గుడికి తయారవుతూ స్నానాల గదిలో జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. నా భార్య, ఎదురింటి పెద్దాయన కలిసి ఆమెను మంచముతో సహా ఎత్తి టాటా ఏస్ బండిలో ఆసుపత్రికి తీసుకొని వెళ్లారు. పిల్లవాడు భయపడి ఏడుస్తుంటే మా అమ్మాయి వాణ్ణి పట్టుకొని ఇంటిదగ్గర ఉన్నది. దానికి అప్పుడు 11 ఏండ్లు.

ఆ అరగంటలో నేను దిగి ఫోను ఎత్తినా ఎముక అతికేది కాదు. ఈ మాట నాకు చాలామంది చెప్పారు, ఓదార్పు కొరకు. నేనూ చెప్పుకున్నాను. కాని ఆమె తొమ్మిదిసార్లు పిలిచింది. ఎవరికి కబురు చెయ్యాలి, ఆపరేషనుకు డబ్బు ఎక్కడ ఉన్నది, ఏ ఆసుపత్రికి పోవాలి అని అడగడానికి ఆ ఇంటిలో యజమాని అనిపించుకున్నవాడు ఫోను మ్రోగుతుండగా తొక్కుతున్నాడు. ఆసుపత్రికి ఆ రంగురంగుల చొక్కాతోనే వెళ్లాను. నొప్పితో మూలుగుతున్న మా అమ్మ నన్ను చూచి, "గెలిచావా నాయనా?" అని అడిగింది. కోపముతో తిట్టినా ఇంత కాలము జ్ఞాపకముండేది కాదు.

సైకిలు గొడ్లచావడి దూలానికి వ్రేలాడదీశాను. ఆ నెలలలో అమ్మ మంచము ప్రక్కన కూర్చొని ఎరిక్ లిడ్డెల్ జీవితము మళ్లీ చదివాను. ఆయన సంగతి మన ప్రసంగాలలో వింటూనే ఉంటాము. 1924 పారిస్ ఒలింపిక్సులో వంద మీటర్ల పరుగు తొలి పోటీలు ఆదివారము పడ్డాయని మానుకొని, 400 మీటర్లలో పరుగెత్తి 47.6 సెకండ్లలో బంగారు పతకము గెలిచాడు. మన ప్రసంగాలు సాధారణముగా అక్కడ ఆగిపోతాయి. నన్ను పట్టుకున్నది ఆ తరువాతి కథ. మిషనెరీగా చైనా వెళ్లి, యుద్ధము ముదిరినప్పుడు 1941లో గర్భవతియైన భార్యను, ఇద్దరు ఆడపిల్లలను కెనడాకు పంపివేశాడు. మూడవ బిడ్డను ఆయన ఎన్నడూ చూడలేదు. జపానువారి నిర్బంధ శిబిరములో 1945 ఫిబ్రవరిలో మెదడులో కణితితో చనిపోయాడు. ఆ శిబిరములో తల్లిదండ్రులకు దూరమైన పిల్లలకు ఆటలు ఆడించేవాడు. ఆదివారము మాత్రం ఆట వద్దనేవాడు. పిల్లలు తమంతట తాము ఆదివారము హాకీ ఆడి కొట్టుకున్నారు. ఆ తరువాత ఆదివారము ఆయనే వెళ్లి రిఫరీగా నిలబడ్డాడు. రాజు కోరినా పరుగెత్తనన్నవాడు అని మనము చెప్పుకునే ఆ మనిషి, పిల్లలు కొట్టుకుంటుంటే తన నియమము ప్రక్కన పెట్టాడు. నేను ఆదివారమును నా పతకము కొరకు ప్రక్కన పెట్టాను. రెండూ ఒకటి కాదని నాకు ఎవరూ విప్పి చెప్పనక్కరలేకపోయింది.

దూలము మీదనుండి సైకిలు దించమన్నది నా భార్యే. ఐదు నెలలు గడిచాయి. అమ్మ చేతికర్రతో నాలుగడుగులు వేస్తున్నది. నా చక్కెర మళ్లీ పెరిగింది, ఇంట్లో చీటికిమాటికి విసుక్కుంటున్నాను. "మీరు తొక్కకుండా ఉంటే మీతో వేగడము ఇంకా కష్టముగా ఉన్నదండీ" అన్నది. ఆ రాత్రి మేమిద్దరము పాల క్యాలెండరు ముందు పెట్టుకొని కూర్చున్నాము. పెళ్లైన 15 ఏండ్లలో మా పనులను అలా పంచుకోవడం అదే మొదలు. ఉదయము గేదెల పని నాది. బడి 13 కిలోమీటర్లు గనుక మోటారుసైకిలు మాని, రానూపోనూ సైకిలు మీదనే. వారానికి పది గంటలలో సగము అక్కడే దొరికింది, పెట్రోలు కూడా మిగిలింది. ఇది ముందే ఎందుకు తోచలేదో నాకిప్పటికీ ఆశ్చర్యమే. బహుశా బడికి పోతే అది పని, పందెమునకు పోతే అది నా స్వంతము అనుకున్నానేమో. వేసవి సాయంత్రాలు పైరగాలి ఎదురుగా కొడితే 13 కిలోమీటర్లు 30 అనిపిస్తాయి, అదే నా సాధన. ఆదివారము పందెములు మానుకున్నాను. మన దగ్గర ఎక్కువ పందెములు ఆదివారమే పెడతారు గనుక, ఏడాదికి ఒకటో రెండో దొరుకుతాయి. 2022లో ఒక శనివారము 200 కిలోమీటర్ల బ్రెవే తొక్కాను. అది పందెము కాదు, పదమూడున్నర గంటలలో పూర్తి చేస్తే చాలు. చివరి మజిలీలో టీ తాగుతూ ఇంటికి ఫోను చేస్తే మా అబ్బాయి, "ఇంకా తొక్కుతూనే ఉన్నారా?" అని జాలిపడ్డాడు.

అమ్మ 2020 ఫిబ్రవరిలో ప్రభువు సన్నిధికి వెళ్లింది. ఆ ఫోను సంగతి ఆమెకు నేను చెప్పాను. "నీ పెళ్లాము దగ్గర చెప్పుకో, నాకెందుకు" అన్నది. నిజమే. నా భార్యకు మాత్రం చాలా ఆలస్యముగా, ఫోను కదలడము నాకు తెలుస్తూనే ఉన్నదని చెప్పాను. ఆమె కొంతసేపు మాట్లాడలేదు. "వినబడలేదేమోననే అనుకున్నాను" అన్నది. క్షమించానని అనలేదు, మరునాడు ఉదయము నాకు కాఫీ మాత్రం ఎప్పటిలాగే ఇచ్చింది. కొన్ని సంగతులు ఇండ్లలో అలాగే నడుస్తాయి.

2023 సంక్రాంతి సెలవులలో శుక్రవారము 40 కిలోమీటర్ల పందెము దొరికింది. పాలు పితికి, కేంద్రములో పోసి వెళ్లాను. ముప్పై కిలోమీటర్ల దగ్గర ముందు గుంపు తోకలో ఉన్నాను. వెనుక జేబులో ఫోను కదిలింది. బ్రేకు వేసి, తుమ్మచెట్టు క్రింద ఒక కాలు నేలకు ఆనించి ఎత్తాను. గుంపు వెళ్లిపోయింది.

"ఏమండీ, పాలక్యాను మూత ఎక్కడ పెట్టారు?"

"కుడితి తొట్టి ప్రక్కన గూట్లో ఉన్నది చూడు."

"ఆ, ఉన్నది. మీరు ఇప్పుడు ఎక్కడున్నారు?"

"పందెములో."

"అయ్యో, అయితే ఎందుకు ఎత్తారండీ? తొక్కండి, తొక్కండి" అని పెట్టేసింది.

31వ స్థానములో వచ్చాను.